సందర్భం చెప్పకుండా ఇన్‌డైరెక్ట్ స్పీచ్ అడగవద్దు

గౌరవనీయులైన సంపాదకులు గారికి నమస్కారం.

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడుతున్న ఈ రోజుల్లో మీ పత్రిక విద్యా పేజీలో ఇంగ్లీషు వ్యాకరణానికి వారంవారం చోటిస్తున్నందుకు ముందుగా కృతజ్ఞతలు. గైడు కొనుక్కోలేని పిల్లలు ఆ పేజీని కత్తిరించి నోటుపుస్తకంలో అతికించుకోవడం గుంటూరు చుట్టుపక్కల జిల్లా పరిషత్ పాఠశాలల్లో మామూలే. అంత శ్రద్ధగా చదివే పాఠకులున్న పేజీ కాబట్టే, ఇటీవల అందులో రిపోర్టెడ్ స్పీచ్ (ఇన్‌డైరెక్ట్ స్పీచ్) మీద వచ్చిన పాఠం గురించి కొంత వివరంగా రాస్తున్నాను. అందులో అచ్చుతప్పులున్నాయని గానీ, వ్యాకరణ దోషాలున్నాయని గానీ నా ఫిర్యాదు కాదు. 'ఈజ్' ఉంటే 'వాజ్' రాయాలి, 'విల్' ఉంటే 'వుడ్' రాయాలి, 'హియర్'ని 'దేర్' చేయాలి, 'టుమారో'ని 'ది నెక్స్ట్ డే' చేయాలి అంటూ రెండు నిలువు వరుసల పట్టిక ఇచ్చి, దాని కింద బిట్లు, బిట్ల కింద జవాబులు వేశారు. బళ్లలోనూ కోచింగ్ సెంటర్లలోనూ గైడుల్లోనూ ఈ పాఠం నడిచే తీరు ఇదే కనుక పాఠం రాసినవారిని వేరుగా తప్పుపట్టడానికేమీ లేదు. నా అభ్యంతరమంతా ఆ తీరు మీదే.

ఒకరన్న మాటను మరొకరికి చేరవేయడమే రిపోర్టెడ్ స్పీచ్. చేరవేసేటప్పుడు వాక్యం ఎలా మారుతుందన్నది, ఆ మాట ఎవరు ఎవరితో ఎక్కడ ఎప్పుడు అన్నారో, దాన్ని ఇప్పుడు ఎవరు ఎవరికి ఎక్కడ ఎప్పుడు చెబుతున్నారో, ఈ రెండు సందర్భాల మధ్య ఉన్న దూరాన్ని బట్టి ఉంటుంది. విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్‌లో నిలబడి ఒక స్నేహితుడు నాతో 'ఐ విల్ మీట్ యూ హియర్ టుమారో' అన్నాడనుకుందాం. అతను అటు వెళ్లగానే అక్కడే ఉన్న మరొకరికి ఆ సంగతి చెబితే 'హీ సెడ్ హీ వుడ్ మీట్ మీ హియర్ టుమారో' అంటాను. అదే రోజు సాయంత్రం గుంటూరులో ఇంటికి చేరి చెబితే 'హియర్' కాస్తా 'దేర్' అవుతుంది గానీ 'టుమారో' అలాగే ఉంటుంది. మర్నాడు అదే బస్‌స్టేషన్‌లో ఎదురుచూస్తూ, ఎందుకు నిలబడ్డావని ఎవరైనా అడిగితే 'హీ సెడ్ హీ వుడ్ మీట్ మీ హియర్ టుడే' అనాలి. నెల తరవాత గుంటూరులో ఎవరికో ఆ కథ చెబుతున్నప్పుడు మాత్రమే 'దేర్ ది నెక్స్ట్ డే' అన్న మాటలు పుడతాయి. నాలుగు సందర్భాలు, నాలుగు సరైన వాక్యాలు. మన జవాబుల కీలో కనిపించేది చివరిది ఒక్కటే. మిగిలిన మూడింటిలో ఏది రాసినా పిల్లవాడికి మార్కు పోతుంది. బస్‌స్టేషన్‌లో నిలబడి చెబుతున్నవాడు 'దేర్' అన్నాడంటే విన్నవాడు చుట్టూ చూసి ఎక్కడ అని అడుగుతాడు.

కాలం విషయంలోనూ ఇదే తంతు. రిపోర్టింగ్ వెర్బ్, అంటే 'సెడ్' వంటి చేరవేసే క్రియ, పాస్ట్ టెన్స్‌లో ఉంటే లోపలి క్రియ ఒక మెట్టు వెనక్కి జరగాలని చెబుతాం. డెన్మార్క్ భాషావేత్త ఓటో యెస్పర్సన్ (1860–1943) దీన్ని 'బ్యాక్ షిఫ్టింగ్' అన్నాడు. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నటువంటి శాశ్వత సత్యాలకు మాత్రం మినహాయింపు ఉందని పాఠం చివర ఒక వాక్యం కలుపుతాం. నిజానికి ఆ మినహాయింపు సూర్యచంద్రులకే పరిమితం కాదు. చెప్పిన సంగతి ఇప్పటికీ నిలిచి ఉంటే, దానితో చెప్పేవారికి పేచీ లేకపోతే, క్రియను వెనక్కి జరపకుండా వదిలేయడం ఇంగ్లీషులో సర్వసాధారణం. పక్కింటి అమ్మాయి ఇందాక 'మై సిస్టర్ లివ్స్ ఇన్ విజయవాడ' అంటే 'షీ సెడ్ హర్ సిస్టర్ లివ్స్ ఇన్ విజయవాడ' అనవచ్చు, 'లివ్డ్' అని కూడా అనవచ్చు. రెండూ సరైనవే. అయితే చెప్పిన మాటకు తాను పూచీ పడదలచుకోనివాడు 'లివ్డ్' వైపు మొగ్గుతాడు. ఇక సింపుల్ పాస్ట్ ప్రతిసారీ పాస్ట్ పర్ఫెక్ట్ అయితీరాలన్నది ఇంకా మొండి సూత్రం. 'ఐ వాజ్ బార్న్ ఇన్ 2009' అని విద్యార్థిని అంటే, దాన్ని 'షీ సెడ్ షీ హాడ్ బీన్ బార్న్ ఇన్ 2009' అని మార్చే ఇంగ్లీషువాడిని వెతికి పట్టుకోవాలి. సంవత్సరం స్పష్టంగా ఉన్నప్పుడు 'వాజ్ బార్న్' అనే అంటారు. పట్టికను నమ్ముకున్న పిల్లలు మాత్రం 'హాడ్ బీన్' రాస్తారు, దిద్దేవారు టిక్కు పెడతారు.

బ్యాక్ షిఫ్టింగ్ అన్ని భాషల్లోనూ ఉండదన్న ముక్క కూడా మనం పిల్లలకు చెప్పం. తెలుగులో లేదు, హిందీలో లేదు, రష్యన్‌లో లేదు, జపనీస్‌లో లేదు. 'జ్వరంగా ఉందని చెప్పింది' అంటాం. ఆమె చెప్పింది నిన్ననే అయినా 'ఉంది' అన్నది 'ఉండింది' కాదు. కాబట్టి మన పిల్లలకు ఇంగ్లీషులో క్రియ వెనక్కి ఎందుకు జరుగుతుందన్నది సహజంగానే అంతుపట్టదు. అది వారి మందబుద్ధి కాదు. తమ భాషలో లేని అలవాటును ఇంకో భాషలో కొత్తగా చేసుకుంటున్నారు, దానికి వ్యవధి పడుతుంది, వివరణ కావాలి.

తెలుగు మాట్లాడే పిల్లలు ఈ పాఠంలో చేసే తప్పుల్లో చాలావాటికి మూలం తెలుగు వాక్య నిర్మాణంలోనే దొరుకుతుంది. 'నేను రేపు గుంటూరు వెళ్తాను అని రవి అన్నాడు' అన్న ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చమంటే 'తాను రేపు గుంటూరు వెళ్తానని రవి అన్నాడు' అని పిల్లలు ఠక్కున రాస్తారు. 'నేను' పోయి 'తాను' వచ్చింది గానీ 'వెళ్తాను' అన్న క్రియ ఉత్తమ పురుషలోనే ఉండిపోయింది. మాట్లాడేటప్పుడు ఆ 'తాను' కూడా జారిపోయి 'రేపు గుంటూరు వెళ్తానన్నాడు' మిగులుతుంది. ఈ అలవాటుతో ఇంగ్లీషులోకి అడుగుపెట్టిన పిల్లవాడు 'హీ టోల్డ్ దట్ ఐ విల్ గో టు గుంటూర్' అంటాడు. విన్నవాడికి గుంటూరు వెళ్లేది రవి కాదు, చెబుతున్నవాడు. తెలుగులో అర్థం చెడని చోట ఇంగ్లీషులో మనిషే మారిపోయాడు. 'ప్రొనౌన్ మార్చలేదు' అని ఎర్రసిరాతో రాసి వదిలేస్తే ఆ పిల్లవాడికి ఒరిగేదేమీ ఉండదు. 'వెళ్తానన్నాడు' అన్న మాటలో వెళ్లేది ఎవరని ఒక్క ప్రశ్న తెలుగులోనే అడిగి, ఆ సంగతిని ఇంగ్లీషులో 'హీ' అని విడిగా చెప్పక తప్పదని చూపిస్తే ఒక్క పీరియడులో తెలుస్తుంది. ఇక్కడొక విచిత్రం ఉంది. ప్రత్యక్ష, పరోక్ష కథనాలను తెలుగు పాఠ్యాంశంలోనూ చెబుతారు. అదే తరగతి, అవే బెంచీలు, ఒక పీరియడులో తెలుగు పండితులు, మరో పీరియడులో మేము. ఇద్దరం ఒకే స్టాఫ్ రూములో కూర్చుంటాం. ఈ రెండు పాఠాలూ ఒకే వారంలో పెట్టుకుందామని ఏ ప్రణాళికలోనూ రాసి ఉండదు.

నా అభిప్రాయంలో పాఠం మొదలుపెట్టవలసిన చోటు కూడా మారాలి. పుస్తకాలన్నీ స్టేట్‌మెంట్లతో ప్రారంభించి, ప్రశ్నల మీదుగా ఆజ్ఞలకు వస్తాయి. తెలుగు పిల్లలకు ఈ వరుస తిరగేస్తే మేలు. 'కూర్చోమన్నారు', 'రమ్మన్నారు', 'మాట్లాడొద్దన్నారు' అని వాళ్లు పొద్దుటినుంచి రాత్రి దాకా అంటూనే ఉంటారు. వీటిలో కాలం మారే గొడవ లేదు. 'షీ టోల్డ్ మీ టు సిట్', 'షీ టోల్డ్ అజ్ నాట్ టు టాక్' అన్న ఇంగ్లీషు వాక్యాలు ఈ తెలుగు వాక్యాలకు అతి దగ్గరి చుట్టాలు. కొత్తగా నేర్చుకోవలసింది 'టోల్డ్' తరవాత ఎవరికి చెప్పారో తప్పక చెప్పాలన్న ఒక్క నియమం, 'నాట్' అన్నది 'టు'కి ముందు రావాలన్న ఇంకొక్క నియమం. 'హీ టోల్డ్ దట్' అన్న మన ప్రాంతపు చిరకాల దోషం కూడా ఈ దశలోనే వదిలిపోతుంది, ఎందుకంటే 'టోల్డ్' పక్కన 'మీ', 'అజ్', 'దెమ్' వంటి మాట ఒకటి ఉండడం నోటికి అలవాటవుతుంది. ఆరు, ఏడు తరగతుల్లోనే ఇంతవరకు చేయించవచ్చు.

రెండో మెట్టు ప్రశ్నలు. 'వేర్ డు యూ లివ్?' అన్న ప్రశ్నను చేరవేయమంటే 'హీ ఆస్క్డ్ మీ వేర్ డు యూ లివ్' అని రాయని తరగతి నాకు తెలియదు. ప్రశ్న వాక్యాన్ని మామూలు వాక్యంగా మార్చాలి, 'డు' తీసేయాలి, ప్రశ్నార్థకం తీసేయాలి అని సూత్రాలు వల్లిస్తాం. అంతకంటే దగ్గరి దారి తెలుగులోనే ఉంది. 'ఎక్కడుంటావని అడిగాడు' అన్నప్పుడు ఎదుటివాడి ప్రశ్నను అలాగే దించేస్తున్నాం. 'ఎక్కడుంటానో అడిగాడు' అన్నప్పుడు ఆ ప్రశ్నను మన వాక్యంలో కలుపుకుంటున్నాం. ఇంగ్లీషు కోరేది ఈ రెండో పద్ధతినే. 'ఎక్కడుంటానో' అన్నదాన్ని పట్టుకుంటే 'వేర్ ఐ లివ్డ్' తనంత తానే వస్తుంది. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలకూ ఇదే తాళంచెవి పనిచేస్తుంది. 'అన్నం తిన్నానో లేదో అడిగింది' అనగలిగిన పిల్లకు 'షీ ఆస్క్డ్ మీ వెదర్ ఐ హాడ్ ఈటెన్' అన్న వాక్యంలో 'వెదర్' ఎందుకొచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. 'ఆస్క్డ్ దట్' అని రాసే పొరపాటు కూడా తగ్గుతుంది. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట వినిపించకూడదనే అధికారులు దీనికి ఒప్పుకుంటారో లేదో నాకు సందేహమే గానీ, 2020–21 విద్యాసంవత్సరం నుంచి ఒక పేజీలో తెలుగు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఇచ్చింది మన రాష్ట్రమే. సాంఘికశాస్త్రం పుస్తకం తెరిచి, ఎవరు ఏమన్నారో చెప్పే వాక్యాలను రెండు పేజీల్లోనూ పక్కపక్కన చదివిస్తే ఈ పాఠానికి అంతకు మించిన సామగ్రి అక్కరలేదు.

ఈ రెండూ కుదిరాకనే స్టేట్‌మెంట్లు, వాటితో కాలం మార్పు. ఇక ఎక్స్‌క్లమేటరీ వాక్యాల సంగతి ఒక్క మాటలో తేల్చవచ్చు. 'హుర్రా' అంటే 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ జాయ్' అని, 'అలాస్' అంటే 'ఎక్స్‌క్లెయిమ్డ్ విత్ సారో' అని మార్పించడం పరీక్ష హాలు బయట ఎక్కడా పనికిరాదు. ఆ భాగాన్ని సిలబస్ నుంచి తీసేస్తే కన్నీరు పెట్టేవారెవరూ ఉండరు. 'హీ సెడ్ టు మీ' అంటూ ప్రతి ప్రశ్నలోనూ కనిపించే ఎత్తుగడ కూడా అలాంటిదే.

దానికి బదులు నేర్పవలసింది రిపోర్టింగ్ వెర్బులు. ఈ విషయంలో మీ పత్రికే మాకు పాఠ్యపుస్తకం కాగలదు. ఒక రోజు పత్రిక తీసుకుని ఒకే పేజీలో చూసినా 'తెలిపారు', 'పేర్కొన్నారు', 'స్పష్టం చేశారు', 'హెచ్చరించారు', 'ఆరోపించారు', 'ఖండించారు', 'హామీ ఇచ్చారు', 'మండిపడ్డారు' అన్న క్రియలు వరుసగా కనిపిస్తాయి. ఏ విలేఖరీ వీటిని ఇష్టం వచ్చినట్టు మార్చుకోడు. (మార్చుకున్నవారిపై మర్నాడు వివరణలు వేయవలసి వస్తుందని మీకు నేను చెప్పాలా!) ఆరోపించడం వేరు, వెల్లడించడం వేరని పదో తరగతి పిల్లలకు తెలుగులో స్పష్టంగా తెలుసు. అదే వివేకాన్ని ఇంగ్లీషులోకి తేవాలి. 'సెడ్' తటస్థం. 'క్లెయిమ్డ్' అంటే చెప్పేవాడికి నమ్మకం లేదని ధ్వని. 'అడ్మిటెడ్' అంటే తప్పో, మింగుడుపడని నిజమో ఒప్పుకున్నాడని. కౌన్సిలరు రోడ్డు పని ఆలస్యమైందని చెబితే 'అడ్మిటెడ్' రాయడానికీ 'ఎక్స్‌ప్లెయిన్డ్' రాయడానికీ మధ్య తేడాను తరగతిలో అరగంట చర్చించవచ్చు. ఆ చర్చ ఇంగ్లీషులోనే సాగించవచ్చు కూడా.

ఈ క్రియల్లో ఒక్కోదాని వెనక వచ్చే నిర్మాణం ఒక్కోలా ఉంటుంది, మన పిల్లలు తడబడేది ఇక్కడే. 'ప్రామిస్డ్', 'అగ్రీడ్', 'రెఫ్యూజ్డ్' తరవాత 'టు' వస్తుంది. 'వార్న్డ్' తరవాత మనిషి, ఆపైన 'నాట్ టు' వస్తాయి. 'అక్యూజ్డ్' తరవాత మనిషి, 'ఆఫ్', ఆపైన 'ఇంగ్' రూపం రావాలి. 'అపాలజైజ్డ్' వెంట 'ఫర్' నడుస్తుంది. వీటన్నిటికంటే మనల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టేది 'సజెస్టెడ్'. 'హీ సజెస్టెడ్ మీ టు జాయిన్ ఎంపీసీ' అన్న వాక్యం ఇంటర్ పిల్లల నుంచి ఇంజనీర్ల దాకా అందరి నోటా వినిపిస్తుంది. ఉండవలసింది 'హీ సజెస్టెడ్ దట్ ఐ జాయిన్ ఎంపీసీ', లేదా 'అడ్వైజ్డ్ మీ టు జాయిన్'. రెండు వరుసల మార్పిడి పట్టికలో ఈ క్రియలకు చోటే ఉండదు, ఎందుకంటే ఇవి మాటను మాటగా మార్చవు. మాట వెనక ఉన్న ఉద్దేశాన్ని చెబుతాయి. 'ఐ విల్ డెఫినెట్లీ రిటర్న్ యువర్ మనీ' అన్నదానికి 'హీ ప్రామిస్డ్ టు రిటర్న్ మై మనీ' అన్నదే సహజమైన ఇన్‌డైరెక్ట్ స్పీచ్. మన కీ దాన్ని తప్పంటుంది.

తరగతిలో అరవై మంది ఉంటే ఇదంతా సాధ్యమా అని తోటి ఉపాధ్యాయులు అడగవచ్చు. వాక్యాలు పుస్తకం నుంచి కాక పిల్లల ఇళ్ల నుంచి తెప్పిస్తే సాధ్యమే. మా వైపు పిల్లల తల్లిదండ్రుల్లో మిర్చి పండించేవారు, గుంటూరు యార్డులో పనిచేసేవారు ఎందరో. నిన్న యార్డులో నాన్న ఎవరితో ఏమన్నారు, కమీషన్ ఏజెంటు ఏమని జవాబిచ్చాడు, ఇంటికొచ్చి అమ్మతో ఏం చెప్పారు అని అడిగితే పుస్తకం ఇవ్వలేని వాక్యాలు వస్తాయి. తేజ రకం ఎంత పలుకుతోందో నాన్న అడిగారు. కాయలో తేమ ఎక్కువగా ఉందని ఏజెంటు అన్నాడు. టిక్కీలు (మిర్చి బస్తాలు) రెండు రోజులు ఆపుకొమ్మని సలహా ఇచ్చాడు. ఈ మూడు వాక్యాల్లోనే ప్రశ్న, స్టేట్‌మెంటు, సలహా మూడూ వచ్చాయి. ధర అడిగింది నాన్న, చెబుతున్నది కూతురు, మాట్లాడింది నిన్న, చెబుతున్నది ఇవాళ. మారవలసినవి ఎందుకు మారాలో అమ్మాయికే తెలుస్తుంది. తేమ సంగతి ఇంకా నిజమేనా, 'ఈజ్' ఉంచాలా 'వాజ్' చేయాలా అని ఎవరైనా అడిగితే ఆ రోజు పాఠం పండినట్టే. తరగతిని జట్లుగా చేసి దీన్ని ఆటగా ఆడించవచ్చు: ఒక జట్టు మాట అంటుంది, రెండో జట్టు దాన్ని మూడో జట్టుకు చేరవేస్తుంది, మొదటి జట్టు ఒప్పుకుంటేనే మార్కు. ఉపప్లావ్యం వెళ్లి పాండవుల మాటలు మోసుకొచ్చిన సంజయుడి పని ఇదేనని మా పిల్లల్లో ఒకడు అన్నప్పుడు నాకు మహా ముచ్చటేసింది.

అసలు అడ్డంకి పరీక్షే. రిపోర్టెడ్ స్పీచ్ ప్రశ్న పదో తరగతిలో ఉంది, ఇంటర్‌లో ఉంది, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లోనూ ఉంది. జవాబు ఒక్కటే ఉండాలి, వేలమంది ఒకేలా దిద్దగలగాలి అని ప్రశ్నపత్రం తయారుచేసేవారు అంటారు. ఆ ఇబ్బంది నిజమే, దానికి పరిష్కారం కూడా కష్టం కాదు. ప్రశ్న ముందు రెండు చిన్న వాక్యాలు చేర్చితే చాలు: 'సోమవారం విజయవాడలో సీత ఈ మాట అంది. మీరు శుక్రవారం గుంటూరులో మీ తమ్ముడికి చెబుతున్నారు.' అప్పుడు 'హియర్' ఎందుకు 'దేర్' అయిందో, 'టుమారో' ఎందుకు 'ది నెక్స్ట్ డే' లేదా 'ఆన్ ట్యూజ్‌డే' అయిందో ప్రశ్నలోనే ఉంటుంది. సంగతి ఇప్పటికీ నిజమైన సందర్భాల్లో రెండు కాలాలనూ అంగీకరించాలని వాల్యుయేషన్ సూచనల్లో ఒక పంక్తి రాస్తే దిద్దేవారికి తడబాటు ఉండదు. ప్రస్తుతం స్పాట్ వాల్యుయేషన్‌లో కీ దాటి ఆలోచించే ఉపాధ్యాయుడు తన సొంత పూచీ మీద మార్కు వేయాలి. ఎంతమంది వేస్తారు?

ఆసుపత్రిలో నర్సుగా చేరిన మా పూర్వ విద్యార్థినులు రోగి చెప్పింది డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాలి, కేస్ షీటులో రాయాలి. నొప్పి 'నిన్నటి నుంచి' అని రోగి అన్నది ఏ రోజో స్పష్టంగా లేకపోతే ఆ రాత వల్ల ప్రమాదం కూడా ఉంది. పోలీసు స్టేషన్లో రైటరుకు, కంపెనీ మీటింగు వివరాలు పై అధికారికి రాసే ఉద్యోగికి కూడా ఇదే నైపుణ్యం కావాలి. వీరిలో ఎవరికీ కామాలు తీసి 'దట్' పెట్టే పని పడదు.

కనుక మీకు నా విన్నపం ఇది. విద్యా పేజీలో మార్పిడి బిట్లకు ఇచ్చే చోటులో వారానికొక చిన్న వార్తను వేయండి. కలెక్టరు గారో, మున్సిపల్ కమిషనరు గారో సభలో అన్న మాటలు అన్నట్టుగా ఒక పెట్టెలో, మీ విలేఖరి వాటిని తెలుగులో రాసిన తీరు రెండో పెట్టెలో, అదే వార్త ఇంగ్లీషులో మూడో పెట్టెలో ఉండాలి. కింద రెండే ప్రశ్నలు చాలు: ఇంగ్లీషు వార్తలో ఏ క్రియ వెనక్కి జరిగింది, ఏది జరగలేదు, ఎందుకు? ఈ మాటనే మీరు ఇవాళ మీ ఇంట్లో చెబితే ఎలా చెబుతారు? వీటికి ఒకటికి మించి సరైన జవాబులుంటే అన్నీ వేయండి. ఇంగ్లీషు పాఠం దిద్ది పంపడానికి గుంటూరు, విజయవాడల్లో మాలాంటి ఉపాధ్యాయులు కొందరం సిద్ధంగా ఉన్నాం, పారితోషికం అవసరం లేదు. మొదటి నాలుగు వారాలకు సరిపడా నమూనాలను ఈ లేఖతో పాటు జతచేశాను. పబ్లిక్ పరీక్షలకు ముందే ప్రారంభించగలిగితే, ఈ ఏడాది పదో తరగతి పిల్లలకే అందుతుంది.

భవదీయురాలు,
ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఇంగ్లీషు ఉపాధ్యాయురాలు,
గుంటూరు.